కలవని వాటి సీసా

ఆ వీధిలో ఎవరికైనా మేకు కావలసి వస్తే, తమ ఇల్లు వెతుక్కోవడం మానేసి తిన్నగా స్టోరుకీపరు ఇంటికే వస్తారు. ఎంత పొడుగుదో చెబితే చాలు, కరెంటు లేకపోయినా సరే, అలమరలో చెయ్యి పెట్టి సరిగ్గా అదే తీసి ఇస్తాడు. బస్సు డిపోలో విడిభాగాల గదిని ఏలిన మనిషి మరి. ఉద్యోగం అయిపోయినా ఆ పిలుపు మాత్రం ఆయన్ని వదల్లేదు, ఆ బుద్ధీ వదల్లేదు. గుమ్మం ముందు ఎవరు ఎలా విడిచిన చెప్పులైనా ఆయన ఒకసారి అటు వెళ్ళొస్తే జతలు జతలుగా నిలబడేవి. సంచిలోంచి ఉల్లిపాయలు బుట్టలో పొయ్యమంటే పెద్దవి అడుక్కి, చిన్నవి పైకి పేర్చేవాడు.

"ఈయనకి వదిలేస్తే వానచినుకుల్ని కూడా సైజులవారీగా సీసాల్లో పోస్తారు" అనేది భార్య.

ఆమె మీద ఆయనకున్న ఫిర్యాదల్లా ఒక్కటే. తెల్ల గుండీల చొక్కాకి రెండో గుండీ ఊడిపోతే ఎర్ర గుండీ కుట్టేసింది. అదేమిటంటే, "ఎదురుగా కనబడింది, కుట్టాను. గుండీ పని చొక్కాని మూయడం. మీ స్టోరులో హాజరు వేయించుకోవడం కాదు" అంది. ఆయన ఆ చొక్కా వేసుకున్నప్పుడల్లా ఆ గుండీని చేత్తో కప్పుకుని మాట్లాడేవాడు.

అలాంటి ఇంటికి కోడలు ఒక గంప తెచ్చింది.

కోడలు రెండు వీధుల అవతల చిన్నపిల్లల బడిలో టీచరు. అందరికన్నా చిన్న తరగతి ఆమెది. ఇంకా ముక్కు తుడుచుకోవడం రాని పిల్లలు. వాళ్ళకి లెక్కలు చెప్పడానికి ఆమె పోగుచేసుకున్న సరంజామా అంతా ఆ గంపలో ఉండేది. గుండీలు, సీసామూతలు, నట్లు, గవ్వలు, గింజలు, తాళంచెవులు, కలం టోపీలు. పేరు కూడా తనే పెట్టింది, కలగూరగంప అని. పిల్లలు వాటిని నోట్లో పెట్టుకుంటారని అప్పుడప్పుడు ఇంటికి తెచ్చి కడిగి ఆరబోసేది.

లెక్కలంటే గట్టిగా వల్లించడం, తప్పితే వేళ్ళ కణుపుల మీద దెబ్బ తినడం. స్టోరుకీపరుకి తెలిసిన లెక్కలు అవి. గుండీలు అటొకటి ఇటొకటి పెట్టుకుంటూ కూర్చుంటే లెక్కలెలా వస్తాయో ఆయనకి అంతుపట్టేది కాదు. కానీ కోడలంటే ఆయనకి ప్రాణం. అందుకని నోరు మెదిపేవాడు కాదు.

ఆ శనివారం భోజనాల దగ్గర కోడలు కంచంలో అన్నం కెలుకుతూ కూర్చుంది.

"ఏమ్మా, ఒంట్లో బాలేదా?" అన్నాడాయన.

"ఒంటికేం మామయ్యగారూ. సోమవారం పెద్ద మేడమ్ నా క్లాసులో కూర్చుంటారట. పక్క క్లాసు పిల్లలు నూరు దాకా రాస్తున్నారు, మావాళ్ళు ఇంటికొచ్చి మూతల కబుర్లు చెబుతున్నారు అని తల్లిదండ్రులు గొడవ పెట్టుకున్నారు. మేడమ్‌కి నచ్చితే సరే. లేకపోతే గంప ఇంటికి, వర్కుబుక్కులు పిల్లల చేతికి."

"పోనీలే, వర్కుబుక్కే చెప్పు. జీతం తగ్గుతుందా ఏమన్నానా?" అంది అత్తగారు.

"జీతం కాదత్తయ్యా. వర్కుబుక్కుకి నేనెందుకు? ఎవరైనా చాలు." అలా అని, ముద్ద నోట్లో పెట్టుకోకుండానే లేచి చెయ్యి కడుక్కుంది.

ఆ ఎంగిలి కంచం స్టోరుకీపరు కళ్ళలో ఉండిపోయింది. ఈ ఇంట్లో అన్నం వదిలేసి లేచే అలవాటు ఎవరికీ లేదు.

మర్నాడు ఆమె గంపలో ఉన్నవన్నీ కడిగి, మేడ మీద పాత దుప్పటి పరిచి ఆరబోసి, తరగతి గది సర్దుకోవడానికి బడికి వెళ్ళింది. కొడుకు పని మీద ఊరెళ్ళాడు. కాకులు ఎత్తుకుపోతాయేమో చూద్దామని స్టోరుకీపరు మేడెక్కాడు. చూశాడు. గవ్వ మీద నట్టు, నట్టు కింద గుండీ, గుండీ పక్కన గింజ. ఆయన ప్రాణం ఉసూరుమంది. పెద్ద మేడమ్ ఈ గందరగోళం చూస్తే ఏమనుకుంటుంది? పాపం, ఒక్కర్తీ ఎంతకని చూసుకుంటుంది?

ఆయన కిందకి దిగి, ఏళ్ళుగా దాచిన ఖాళీ సీసాలన్నీ పైకి మోసుకెళ్ళాడు.

"కోడలు అడిగిందా మిమ్మల్ని?" మెట్ల దగ్గర భార్య అడ్డుపడింది.

"అడిగితే చేసేదాన్ని పనంటారు. అడక్కుండా చేసేదాన్ని ప్రేమంటారు."

"పెత్తనం అంటారు" అంది ఆమె. కానీ దారి వదిలింది.

ఎంతకాలానికి మళ్ళీ ఆ సుఖం. రెండు కన్నాల గుండీలొక సీసాలో, నాలుగు కన్నాలవొక సీసాలో. ఇనప మూతలు వేరు, ప్లాస్టిక్ మూతలు వేరు. నట్లు చూడగానే పాత చుట్టాలు కనబడ్డట్టయింది. ప్రతి సీసాకీ చీటీ అంటించి, గుండ్రటి దస్తూరీతో పేరు రాశాడు. చివరికి కొన్ని మిగిలాయి. చదునుగా నలిగిపోయిన మూత ఒకటి. పళ్ళు అరిగిపోయిన తాళంచెవి. సగం తెగిన జిప్పు. చక్రం ఒకటి, ఏ బొమ్మబండిదో. బీట వేసిన గవ్వ. ఇలాంటివే ఇంకొన్ని. డిపోలో వీటికొక మాట ఉండేది, తుక్కు అని. తుక్కు అరలో ఉంటే అసలు సరుక్కి చోటుండదు. కింద చెత్తబండి ఈల వినబడింది. ఆయన తుక్కంతా బకెట్లో వేసుకుని, మోకాళ్ళ నొప్పి కూడా మరిచి మెట్లు దిగి, స్వయంగా బండిలో పోసి వచ్చాడు.

సాయంత్రం కోడలు వచ్చేసరికి సీసాలన్నీ బల్ల మీద సైన్యంలా నిలబడి ఉన్నాయి. ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది. దగ్గరికొచ్చి ఒక సీసా తీసి, వెలుగులోకి తిప్పి చూసింది.

"ఎంత ముచ్చటగా ఉన్నాయో మామయ్యగారూ" అంది. ఆ మాట మనసులోంచే వచ్చింది. తర్వాత సీసాల వెనక చూసింది. బల్ల కింద చూసింది. "మిగిలినవేవి?"

"మిగిలినవేం లేవమ్మా. తుక్కంతా బండిలో పంపేశాను."

కోడలు కుర్చీ లాక్కుని కూర్చుంది. చిన్నపిల్లలకి చెప్పినంత మెల్లగా చెప్పింది. అవి పిల్లలు తమ ఇళ్ళ నుంచి తెచ్చినవి. తలా ఒకటి. బస్సు చక్రం కింద నలిగిన మూత ఒక కుర్రాడిది. బస్సు ఎక్కిన మూత అని వాడు బడంతా చూపించాడు.

"గుండీలూ నట్లూ ఎవరైనా వేరు చేస్తారు మామయ్యగారూ. దేనితోనూ కలవనిది చేతికొచ్చినప్పుడే పిల్లలు ఆగి ఆలోచించేది. దీన్నెక్కడ పెట్టాలి, ఎందుకు పెట్టాలి అని పోట్లాడుకునేది. రేపటి పాఠమంతా వాటి మీదే పెట్టుకున్నాను."

వంటింటి గుమ్మంలోంచి భార్య ఆయన వంక చూసిన చూపు, అనని మాటలన్నీ అనేసింది.

స్టోరుకీపరు చెప్పులు వేసుకుని వీధి చివరిదాకా పరుగులాంటి నడక నడిచాడు. చెత్తబండి ఎప్పుడో లారీలో గుమ్మరించింది, లారీ ఎప్పుడో వెళ్ళిపోయింది. తిరిగొచ్చేసరికి కోడలు అదే కుర్చీలో, ఆయన అంటించిన చీటీల్ని చూస్తూ కూర్చుంది.

"రేపు మీరు నాతో బడికి రాగలరా?"

"నేనెందుకమ్మా?"

"వేరు చేసింది మీరు. పిల్లలు అడిగితే చెప్పాల్సింది కూడా మీరే కదా."

గొంతులో కోపం లేదు. తిట్టినా బావుండును అనుకున్నాడాయన.

సోమవారం సీసాల సంచి మోసుకుంటూ ఆమె వెనకే నడిచాడు. తొందరలో వేసుకున్నది ఎర్ర గుండీ చొక్కా అని బడి గేటు దగ్గర గానీ చూసుకోలేదు.

పెద్ద మేడమ్ అప్పటికే వచ్చి, పిల్లల కుర్చీలో మోకాళ్ళు దగ్గరికి పెట్టుకుని కూర్చుంది. సంచీ ఒళ్ళో పెట్టుకున్న తీరు చూస్తే, ఏ క్షణమైనా లేచి వెళ్ళడానికి సిద్ధంగా ఉన్నట్టుంది. పిల్లలు చాప చుట్టూ చేరారు. కోడలు సీసాలన్నీ చాప మీద పెట్టి, చీటీలున్న వైపు గోడకి తిప్పింది.

"ఈ తాత మన గంపని వేరు చేశారు. ఎలా వేరు చేశారో ఆయన చెప్పరు. మీరు చెప్పాలి."

స్టోరుకీపరు తెల్లబోయాడు. నిన్న సాయంత్రం నుంచి ఆయన తన తప్పునే తలుచుకుంటున్నాడు. ఈమె దాన్ని పాఠం చేసేసింది.

పిల్లలు సీసాల మీద పడ్డారు. గుండీల రెండు సీసాల దగ్గర పెద్ద తగవు వచ్చింది. "రంగు కాదు, దీంట్లోనూ నల్లది ఉంది, దాంట్లోనూ నల్లది ఉంది" అని ఒకడు. "సైజు కాదు" అని ఇంకొకతె. కోడలు అవుననలేదు, కాదనలేదు. చేతులు కట్టుకుని, ఎవరి మాట వాళ్ళు పూర్తి చేసేదాకా ఆగింది. ఆ ఆగడం చూసి స్టోరుకీపరు ఆశ్చర్యపోయాడు. జవాబు తెలిసిన మనిషి నోరు మూసుకుని కూర్చోవడం ఆయన ఎక్కడా చూడలేదు. తన చేతనైతే అసలే కాదు. చివరికి రెండు జడల పిల్ల ఒకటి గుండీని కంటికి ఆనించుకుని కిటికీ వైపు చూసింది. "దీంట్లోంచి రెండు చోట్ల వెలుతురొస్తోంది. దాంట్లోంచి నాలుగు చోట్ల" అంది.

"అదా తాతా?" అని అంతా ఆయన వైపు తిరిగారు.

"అదే" అన్నాడు.

తర్వాత కోడలు పెద్ద నట్లు ఒక వరసలో, గుండీలు ఒక వరసలో పేర్పించింది. నట్ల వరస చాప చివరిదాకా పోయింది. "ఏవి ఎక్కువ?" అంటే సగం మంది నట్లన్నారు. రెండు జడల పిల్ల ఒప్పుకోలేదు. ఒక్కో గుండీని జరిపి ఒక్కో నట్టు పక్కన కూర్చోబెట్టింది. నట్లు అయిపోయాయి, గుండీలు మిగిలాయి. "గుండీలే ఎక్కువ. వీటికి జోడీ దొరకలేదు" అంది. ఎవరూ ఒక్క అంకె అనలేదు. అయినా లెక్క తేలిపోయింది. డిపోలో కొత్తగా చేరిన పెద్దవాళ్ళు సరుకు పరిచిన జాగా చూసి ఎక్కువనుకుని మోసపోవడం ఆయన చూశాడు. ఈ పిల్లల్ని ఎవరూ అలా మోసం చెయ్యలేరు.

ఆ తర్వాత అట్టముక్కలు పంచింది. ఒక్కో సీసాకి ఒక్కో అట్ట. లోపల ఎన్ని ఉంటే అట్ట మీద అన్ని చుక్కలు పెట్టాలి. ఒకరు వస్తువు తీసి చూపిస్తే ఇంకొకరు చుక్క పెట్టేవారు. పెద్ద మేడమ్ సంచీ ఒళ్ళోంచి తీసి నేల మీద పెట్టింది.

అప్పుడు వచ్చింది అసలు గండం. నిక్కరు జారిపోకుండా ఒక చేత్తో పట్టుకు తిరిగే కుర్రాడు సీసాలన్నీ వెతికి వచ్చి కోడలి ముందు నిలబడ్డాడు.

"టీచర్, నా బస్సెక్కిన మూత లేదు."

"నా తాళంచెవి కూడా లేదు" అంది, ప్రతిదానికీ ఎందుకని అడిగే పిల్ల. ఆమెని బడంతా ఎందుకమ్మ అనే పిలిచేవాళ్ళు.

కోడలు మామగారి వైపు చూసింది. స్టోరుకీపరు లేచి నిలబడబోయి, మళ్ళీ పిల్లల ఎత్తుకి దిగి చాప మీద కూర్చున్నాడు.

"నేనే పారేశాను."

నిక్కరు కుర్రాడి కింది పెదవి ముందుకొచ్చింది.

"ఎందుకు?" అంది ఎందుకమ్మ.

"దేనితోనూ కలవలేదమ్మా."

"కలవనివన్నీ కలిపి ఒకచోట పెట్టొచ్చు కదా. టీచర్ పళ్ళెంలో అలాగే పెడుతుంది."

ఇంతకాలం లక్షల వస్తువులకి చోటు చూపించిన మనిషికి ఆ ఒక్క అర తట్టలేదు. సంచి అడుగున ఒక ఖాళీ సీసా మిగిలి ఉంది. తీసి చాప మీద పెట్టాడు. "ఇది వాటికి ఇచ్చేస్తాను" అన్నాడు.

పిల్లలు ఆ సీసాని వరస చివర పెట్టారు. దాని ముందు పెట్టడానికి రెండు జడల పిల్ల అట్ట తీసుకుని, పెన్సిలు పట్టుకుని ఆగిపోయింది.

"ఎన్ని చుక్కలు పెట్టాలి?"

"ఏమీ లేవు. పెట్టకు" అన్నాడొకడు.

"అయితే అట్ట ఎందుకు? తీసెయ్" అన్నాడు ఇంకొకడు.

కోడలు కదల్లేదు. ఆమె చూపు మాత్రం ఆ అట్ట మీద నిలిచిపోయింది. పిల్లల్లో ఒకరు ఒక మాట అంటారని ఎదురు చూస్తోందనీ, తను అనేస్తే ఆ మాట పనికిరాకుండా పోతుందనీ స్టోరుకీపరుకి అప్పటికి అర్థమైంది. ఆయన కూడా ఊపిరి బిగబట్టాడు.

నిక్కరు కుర్రాడు ముక్కు ఎగబీల్చాడు. "తియ్యకూడదు. అట్ట లేకపోతే మనం లెక్కపెట్టడం మర్చిపోయామనుకుంటారు. మనం చూశాం. చూస్తే ఏమీ లేవు. అందుకని ఖాళీ అట్ట పెట్టాలి."

స్టోరుకీపరు వెన్ను నిటారుగా అయింది. సరుకు లేని అర వేరు, ఎవరూ చూడని అర వేరు. ఈ తేడా తెలియని వాళ్ళ వల్ల డిపోలో బస్సులు నిలిచిపోయేవి. వీడికి నిక్కరు నిలబెట్టుకోవడం ఇంకా రాలేదు.

"ఖాళీ అట్టని చూసి, రాయడం మర్చిపోయారని ఎవరైనా అంటే?" అంది కోడలు, మొదటిసారిగా.

పిల్లలు ఆలోచనలో పడ్డారు. ఎందుకమ్మ ఖాళీ సీసాని తీసి అట్ట మీద బోర్లించి, దాని మూతి చుట్టూ పెన్సిలుతో గీసింది. "ఇది ఖాళీ సీసా మూతి. ఇప్పుడు అందరికీ తెలుస్తుంది" అంది. సీసా తీసేస్తే అట్ట మీద గుండ్రంగా సున్నా ఉంది.

వాళ్ళెవరికీ ఆ పేరు ఇంకా తెలియదు. కోడలు అప్పుడు చెప్పింది, చాలా మామూలుగా, పిల్లకి జడ వేస్తూ కబురు చెప్పినట్టు. "దాన్ని సున్నా అంటారు."

పెద్ద మేడమ్ చిన్న కుర్చీలోంచి లేచి వచ్చి ఆ అట్టని చేతిలోకి తీసుకుంది. చాలాసేపు చూసింది. "పక్క క్లాసులో ఒకటి నుంచి మొదలుపెట్టాం" అంది, ఎవరితోనో అన్నట్టు. తర్వాత స్టోరుకీపరు వైపు తిరిగింది. "మీ ఇంట్లో ఇంకా ఖాళీ సీసాలున్నాయాండీ? ఆ క్లాసుకి కూడా కావాలి. రాయడం మానిపించను, నూరూ రాస్తారు. కానీ ముందు ఇది."

కోడలు మొహం గోడ వైపు తిప్పుకుని, ఏ పనీ లేకపోయినా చీటీలు సరిచెయ్యడం మొదలుపెట్టింది. ఆమె భుజాలు కిందికి దిగడం స్టోరుకీపరు చూశాడు. తనకి కోడలుగా వచ్చిన ఈ పిల్ల ఎంత గట్టి పనిమంతురాలో ఇన్నాళ్ళూ తెలియలేదు. తప్పు చేసిన ముసలివాణ్ణి తీసుకొచ్చి, తలదించుకోనివ్వకుండా, వాడి తప్పులోంచే సున్నాని బయటికి తీయించింది. అదీ పిల్లల చేత.

ఇంతలో ఆయన గడ్డం కింద ఒక చిన్న వేలు పొడిచింది. నిక్కరు కుర్రాడు.

"తాతా, నీది ఒకటి కలవలేదు."

ఆయన అలవాటు చొప్పున ఎర్ర గుండీ మీద చెయ్యి వెయ్యబోయి, ఆపేశాడు. "అవును బాబూ. కలవలేదు."

"మరి అది ఆ సీసాలోది కదా."

కోడలు వెనక్కి తిరిగి, "వద్దు మామయ్యగారూ" అనేలోపే ఆయన దారం పట్టుకుని లాగాడు. గుండీ సీసా అడుగున టంగుమంది. రెండు జడల పిల్ల పరుగున వచ్చి సున్నా అట్టని తీసి దాచి, కొత్త అట్ట మీద ఒక చుక్క పెట్టింది.

మధ్యాహ్నం చాలాసేపయినా ఆయన ఇంటికి రాకపోయేసరికి భార్య వెతుక్కుంటూ బయల్దేరింది. బస్టాపు పక్కన, రోడ్డు వంక చూస్తూ నిలబడి కనబడ్డాడు. చొక్కా రొమ్ము దగ్గర తెరుచుకుని ఉంది.

"ఇక్కడేం చేస్తున్నారు?"

"బస్సు కోసం."

"ఎక్కడికి?"

"నేనెక్కను. అది ఎక్కాలి" అని రోడ్డు మీదకి చూపించాడు. చక్రాల దారిలో ఒక సీసామూత పెట్టి ఉంది. "రెండు బస్సులు పక్కనుంచి పోయాయి. మన డిపో డ్రైవర్లకి గురి తప్పింది."

"గుండీ ఏది?"

"బడిలో చేరింది."

ఆమె ఆయన్ని పైనుంచి కిందకి చూసింది. ఇంకా చాలా అడగాలనుకుంది గానీ, దూరంగా బస్సు కనబడింది. కొంగు బిగించి, అటూ ఇటూ చూసి, గబగబా రోడ్డు మీదకి వెళ్ళి మూతని కాలితో ఇంకాస్త ఇటు జరిపి వచ్చింది.

"అంత అటు పెడితే ఎలా ఎక్కుతుంది?" అంది, ఆయన పక్కన నిలబడుతూ.